ఆప్రాన్ ఆప్రానే కదా

నాసర్ మిర్చి బజ్జీలు వేస్తున్నాడు. ఒక చేతిలో చిల్లుల గరిటె, ఇంకో చేతిలో ఫోను, ఒంటి మీద మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంటు.

పొద్దుటి చాయ్ కోసం యూనివర్సిటీ క్యాంటీన్‌కి వచ్చిన డోరాకి మొదట ఏమీ తట్టలేదు. ఎప్పటిలాగే కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి నిలబడింది. ఈలోగా నాసర్ ఇటు తిరిగాడు. మోకాళ్ల దాకా తెల్లకోటు. జేబు మీద నీలం దారంతో కుట్టిన డిపార్ట్‌మెంటు పేరు. కోటు ఎడమ చేతి మీద అరచేయంత ఊదారంగు మరక. ఆ మరక ఆమెకి బాగా తెలుసు. క్రిములకి రంగు పట్టించి మైక్రోస్కోపు కింద చూసే ప్రాక్టికల్లో ఫైనలియర్ పిల్లవాడొకడు సీసా ఒలకబోసుకుంటే అంటిన మరక అది. వాణ్ణి చెడామడా తిట్టింది కూడా ఆమే. ఆ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పెళ్లయిన కొత్తలో చేరింది, ఇప్పుడు తల సగం నెరిసింది.

"నాసర్, ఇది నీకేడ దొరికింది?"

"లాండ్రీ మూటల వచ్చింది మేడమ్. మా ఆప్రాన్లు తక్కువొచ్చినయ్, ఇవి ఎక్కువొచ్చినయ్. ఆప్రానే కదా అని ఏస్కున్న. మస్తుంది, జేబులు సుత ఉన్నయ్." నాసర్ మురిసిపోతూ రెండు జేబుల్లోనూ చేతులు పెట్టి చూపించాడు. "నిన్న ఇంటికి సుత ఏస్కపోయిన. మా చిన్నది ఈ మరకను పువ్వనుకొని నోట్ల వెట్టుకున్నది."

డోరా చాయ్ తాగబోతూ ఆగింది. చాయ్ గ్లాసు కౌంటర్ మీద పెట్టేసింది.

"ఇప్పు. ముందుగాల పొయ్యి బంద్ చెయ్, తర్వాత కోటు ఇప్పు. చేతులు సబ్బు పెట్టి కడుక్కో. బిడ్డ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది మేడమ్. ఏమైంది?"

ఏమైందో చెప్పాలంటే ఒక్క మాట గురించి చెప్పాలి. సికింద్రాబాద్‌లో ల్యాబ్ కోటుని ల్యాబ్ కోటు అనే మనిషి కనబడడు. ఇంటర్ ప్రాక్టికల్స్ నుంచి పెద్ద చదువుల దాకా అందరి నోటా అది ఆప్రానే. షాపులో అడిగినా ఆప్రానే, ఇంట్లో అమ్మ వెతికినా ఆప్రానే. క్యాంటీన్‌లో వంటవాళ్లు మెడకి తగిలించుకుని నడుముకి కట్టుకునే గుడ్డ కూడా ఆప్రానే. ఇన్నేళ్లుగా ఈ రెండింటికీ ఒకే పేరున్నా ఎవరికీ నష్టం రాలేదు. ఎందుకంటే ల్యాబ్ ఆప్రాన్లని ల్యాబ్ వెనక గదిలోనే ఉతికేవాళ్లు. అక్కడ డోరా రాజ్యం నడిచేది. విప్పిన కోటు ముందు ఆటోక్లేవ్‌లోకి, అంటే ప్రెషర్ కుక్కర్‌కి పెద్దన్న లాంటి ఆవిరి యంత్రంలోకి వెళ్లేది. క్రిములన్నీ చచ్చాకే వాషింగ్ మెషిన్ మొహం చూసేది.

ఆ వాషింగ్ మెషిన్ ఈమధ్య పాడైంది. బాగు చేయించమని డోరా అడిగితే, అడ్మినిస్ట్రేషన్ ఆఫీసర్ విష్ణువర్ధన్ ఇంకా గొప్ప ఆలోచన చేశాడు. క్యాంపస్‌లోని ఆప్రాన్లన్నీ ఇక మీదట బయటి లాండ్రీకే అన్నాడు. లాండ్రీ మనుషులు డోరా రాకముందే తలుపు దగ్గరి సంచులు ఎత్తుకెళ్లడం మొదలుపెట్టారు. వాళ్ల తప్పేముంది? ఆప్రాన్లు అన్నారు, ఆప్రాన్లు పట్టుకెళ్లారు. అన్నీ కలిపి ఒకే డ్రమ్ములో వేసి తిప్పారు.

డోరాకి ఆ తెల్లకోటు మీద పిల్లలకున్న మోజు ఎప్పుడూ లేదు. పిల్లలకి అది తొడుక్కుంటే సగం డాక్టరైపోయినట్టు ఉంటుంది. ఎమ్మెస్సీ చదివే ఆఫ్షీన్ ఓసారి దాన్ని విప్పకుండానే ఎంఎంటీఎస్ రైలు ఎక్కేసింది. ఎవరో పెద్దాయన లేచి సీటిచ్చి, డాక్టరమ్మా అంటూ మోకాలి నొప్పి చెప్పుకున్నాడట. మర్నాడు ల్యాబ్‌లో అది చెప్పి అందరినీ నవ్వించింది. డోరా మాత్రం నవ్వలేదు.

"నిన్న ఆ కోటేసుకొని ఏం పని చేసినవ్?"

"మురిక్కాలవ నీళ్లల్ల క్రిములను పెంచినం మేడమ్."

"ఆ పెద్దాయనకు నువ్వు మందియ్యలే, క్రిమిచ్చి వచ్చినవ్. కోటంటే గౌరవం అనుకుంటున్నరా? మన మీద పడాల్సిన మురికి అది మోస్తది. అందుకే దాన్ని ఈ తలుపు దాటనియ్యను."

ఆఫ్షీన్ ఆ రోజు ఏడ్చింది. ఆ తర్వాత ఎవరైనా కోటుతో గడప దాటబోతే అందరికంటే ముందు అరిచేది ఆమే.

అలాంటి కోటు ఇవాళ బజ్జీల మూకుడు దగ్గర నిలబడింది. ఒక పసిపిల్ల నోట్లోకి వెళ్లింది. డోరా ఆ కోటుని ప్లాస్టిక్ సంచిలో కట్టి, ముందు ఆటోక్లేవ్‌లో పడేసి, విష్ణువర్ధన్ గదికి వెళ్లింది.

ఆయన మనిషి చెడ్డవాడేం కాదు. చందనం బొట్టు, ఇస్త్రీ చొక్కా, ఎవరొచ్చినా కూర్చోమనే మర్యాద. కానీ వచ్చే వారం తనిఖీ కమిటీ వస్తోంది. ఆయనకిప్పుడు పూలకుండీలూ గోడల రంగులూ తప్ప ఇంకేమీ కనబడడం లేదు. క్యాంటీన్ వంటగదికి కొత్త బోర్డు కూడా రాయించాడు, ఆప్రాన్ లేనిదే ఎవరికీ ప్రవేశం లేదని.

డోరా జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"వేడినీళ్లలో ఉతుకుతున్నారు కదండీ. సబ్బుంది, మందుంది. ఇంకేం కావాలి? ఆప్రాన్ ఆప్రానే కదా."

"కాదు సార్. మాది క్రిములను మోస్తది. వాళ్లది అన్నం దగ్గర ఉంటది."

"ఇప్పటిదాకా ఎవరికైనా ఏమైనా అయిందా?"

"అయ్యేదాంక చూద్దమా? మా మెషిన్ బాగుచేయించుండ్రి, లేకుంటే కొత్తది కొనుండ్రి. మా కోట్లు మా దగ్గర్నే ఉంటయ్."

"కమిటీ వెళ్లాక చూద్దాం." విష్ణువర్ధన్ గొంతు తగ్గించాడు. "డోరా గారూ, మీ కాంట్రాక్టు రెన్యూవల్ ఫైలు నా టేబుల్ మీదే ఉంది. ఏటా ఇబ్బంది లేకుండా సంతకం పెడుతున్నాను. ఈ టైములో గొడవెందుకు చెప్పండి?"

బెదిరింపుని ఇంత మెత్తగా చెప్పిన మనిషిని డోరా ఇంతవరకూ చూడలేదు. ఇంతకాలం పనిచేసినా ఆమె ఏడాది ఏడాదికీ ఆ సంతకం కోసం ఎదురుచూడాల్సిందే. భయం వేయలేదంటే అబద్ధం. కానీ ఆ భయం మీదికి ఊదా మరకని పువ్వనుకున్న పిల్ల వచ్చి కూర్చుంది. ఆ పిల్ల మొహం కూడా తెలియదు డోరాకి.

మర్నాడు లాండ్రీ వాళ్లు వచ్చేసరికి ఆమె ల్యాబ్ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. కోట్ల సంచులు స్టూలు వెనక ఉన్నాయి. వాళ్లు అడిగారు, ఈమె ఇవ్వనంది. వాళ్లు ఫోన్ చేశారు, ఈమె కాళ్లు చాపుకుంది. వాళ్లు ఉత్త చేతులతో వెళ్లిపోయారు. ఆ మర్నాడూ అదే వరస. ఉతికిన కోట్లు అయిపోయాయి. డోరా ల్యాబ్‌లో కోటు లేనివాడు బెంచీ ముట్టుకోకూడదు కాబట్టి ప్రాక్టికల్స్ ఆగిపోయాయి.

మూడో పొద్దున విష్ణువర్ధన్ తనే వచ్చాడు. ఈసారి మెత్తదనం లేదు. పిల్లలంతా వరండాలో నిలబడి ఉన్నారు. హెచ్‌ఓడీ రామభద్రరావు గారు గదిలోంచి బయటికొచ్చి కళ్లజోడు తుడుచుకుంటున్నారు. పెద్దమనిషి, పాఠం బాగా చెబుతారు. పై అధికారి ముందు మాత్రం నీళ్లు నములుతారు.

"ఏమిటండీ ఈ వేషాలు?" అన్నాడు విష్ణువర్ధన్. "కమిటీ వచ్చే ముందు ల్యాబ్ మూయిస్తారా?"

"కోట్లు సరిగ్గ ఉతికిపిచ్చుండ్రి, ఇప్పుడే తెరుస్త."

"అంత పట్టింపా మీకు? అయితే రేపట్నించి ఈ ల్యాబ్‌లో మీకు పని లేదు. పోయి క్యాంటీన్ వెనక లాండ్రీ మూటలు దింపే గదిలో కూర్చోండి. మూటలు కట్టండి, మూటలు విప్పండి. క్యాంపస్‌లో ఉన్న ఆప్రాన్లన్నీ మీవే. మీరు చెప్పకుండా ఒక్క ఆప్రాన్ కదలదు. సంతోషమా?"

డోరా రామభద్రరావు గారి వైపు చూసింది. ఆయన కళ్లజోడు ఇంకా తుడుస్తూనే ఉన్నారు.

ఆమె లేచి స్టూలు తీసి గోడ పక్కన పెట్టింది. తన కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. ఆ కిటికీ, ఆ ఆవిరి వాసన, పొద్దున్నే మొదటి లైటు తనే వేయడం, ఇవన్నీ తనవి అనుకుంది ఇన్నాళ్లూ. మెట్ల కింద బాత్రూమ్‌లోకి పోయి కుళాయి తిప్పి, కసిదీరా ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చింది.

సాయంత్రం బోయిగూడలో ఇంటికి చేరేసరికి భర్త హెన్రీ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. రైల్వేలో రిటైరైన మనిషి. గొంతెత్తి మాట్లాడడం చర్చిలో పాటలప్పుడే.

"నోరు జెర తగ్గించుకోమని చెప్తనే ఉన్న కదా," అన్నాడు అంతా విని. "పోనీ, మానెయ్. ఇంట్ల కూసో. నీ ఆరోగ్యం సుత..."

"ఏమన్నడో తెలుసా అందరి ముందల? మూటలు కట్టుకో అన్నడు. నన్ను! క్యాంపస్‌ల ఆప్రాన్లన్నీ మీవే అన్నడు. మీరు చెప్పకుండ ఒక్క ఆప్రాన్ కదలదు అన్నడు..."

డోరా ఆగింది. అందుకున్న చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ మాటే ఇంకోసారి మెల్లగా, తనకి తనే చెప్పుకుంది. తర్వాత నవ్వింది. చాలాసేపు నవ్వింది.

"నువ్వు తిట్టినా నాకు భయం లేదు," అన్నాడు హెన్రీ. "నవ్వితేనే పరేషాన్ అయితది."

మర్నాటి నుంచి డోరా లాండ్రీ గదిలో కూర్చుంది. రేకుల కప్పు, ఒక బల్ల, ఒక తలుపు, ఆ తలుపుకి తాళం. వచ్చిన ప్రతి మూటా లోపల పెట్టింది. లాండ్రీ వాళ్ల దగ్గర మిగిలినవి కూడా రప్పించింది. ల్యాబ్‌వీ క్యాంటీన్‌వీ విడివిడిగా రాశులు పోసింది. ఆఫ్షీన్ తన స్నేహితులతో వచ్చి రెండు రాశుల్నీ ఆటోక్లేవ్ దగ్గరికి మోసింది. రామభద్రరావు గారు చూసి పక్కకి తప్పుకున్నారు. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆటోక్లేవ్ గది తాళంచెవి ఆఫ్షీన్ బల్ల మీద మర్చిపోయినట్టు వదిలేసి వెళ్లారు. ఆయన ధైర్యం అంతవరకే, అయినా అంత ఉంటుందని డోరా అనుకోలేదు. ఉడికిన ఆప్రాన్లన్నీ మళ్లీ డోరా తాళం కిందికే చేరాయి.

కమిటీ వచ్చే పొద్దున క్యాంటీన్ పెద్దవంటమనిషి జాన్ బీ లాండ్రీ గది గుమ్మంలో వచ్చి నిలబడింది. లావుపాటి మనిషి, గొంతు ఇంకా లావు.

"డోరమ్మా, మా ఆప్రాన్లియ్యి. ఇయ్యాల పెద్ద దావత్. బగారా అన్నం, దాల్చా, డబల్ కా మీఠా."

"ఇయ్యనక్కా."

"ఇయ్యవా?"

డోరా ఆమెని లోపల కూర్చోబెట్టి అంతా చెప్పింది. నాసర్ బిడ్డ సంగతి చెబుతుంటే జాన్ బీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ నౌకరీకి తక్లీఫ్ అయితదేమో అక్కా. ఆలోచించుకో," అంది డోరా.

"నా చేతి బగారా తినకుంట వీళ్లు ఎన్ని దినాలు ఉంటరో నేను సుత చూస్త," అంది జాన్ బీ కొంగు బిగిస్తూ. "ఆప్రాన్ లేకుంటే లోపటికి రావొద్దని బోర్డు వెట్టింది ఎవరు? నేనా? అరే నాసర్! పొయ్యిలు షురూ చెయ్యకు. బయటికి రా."

మధ్యాహ్నానికి కమిటీ వాళ్లు గ్రంథాలయం చూశారు, పూలకుండీలు చూశారు. మైక్రోబయాలజీ ల్యాబ్ మూసి ఉంటే, మధ్యాహ్నం తర్వాత చూద్దామని విష్ణువర్ధన్ సర్దిచెప్పాడు. అక్కణ్నించి నేరుగా క్యాంటీన్‌కి తీసుకొచ్చాడు. కమిటీకి పెద్ద కాంతమణి గారు, చిన్న ఆకారం, కాళ్లకి స్పోర్ట్స్ షూస్, అన్నీ తాకి చూసే అలవాటు. వంటగదిలో పొగ లేదు, వాసన లేదు. వంటవాళ్లందరూ బయట గోడ వారన కొత్త బోర్డు కింద వరసగా కూర్చున్నారు. పిల్లలు కూడా పోగయ్యారు.

"వంట కాలేదా?" అన్నారు కాంతమణి గారు.

"ఆప్రాన్లు లేవమ్మా," అంది జాన్ బీ బోర్డు చూపించి. "సార్ రూల్ వెట్టిండు. మేం రూల్ తప్పం."

విష్ణువర్ధన్ తను రాయించిన బోర్డు వైపు ఓసారి చూశాడు. పరుగులాంటి నడకతో క్యాంటీన్ వెనక్కి పోయాడు. కాంతమణి గారు ఏం జరుగుతోందో చూద్దామని ఆయన వెనకే బయల్దేరారు. ఆవిడ వెనక కమిటీ, కమిటీ వెనక పిల్లలు.

డోరా తాళం వేసిన తలుపు ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి.

"డోరా గారూ, తాళం తీయండి. ఆప్రాన్లివ్వండి, తొందరగా."

"మీరే చెప్పిన్రు కద సార్, నేను చెప్పకుంట ఒక్క ఆప్రాన్ కదలదని."

"అవన్నీ తర్వాత మాట్లాడదాం. ప్లీజ్."

"ఇస్త సార్. అందరికంటే ముందు మీకే ఇస్త. మేడమ్‌కు వంటగది చూపియ్యాలె కద, ఆప్రాన్ లేనిదే పోవద్దాయె." డోరా సంచిలోంచి కోటు తీసి దులిపి, రెండు చేతులతో విప్పి పట్టుకుంది, కొత్త పెళ్లికొడుక్కి చొక్కా తొడిగేటట్టు. ఎడమ చేతి మీద ఊదా మరక ఎండలో బాగా కనబడింది. "మీ లాండ్రీల ఉతికిందే. వేడినీళ్లు, సబ్బు, మందు, అన్నీ అయినయ్. నాసర్ దీన్నే ఏస్కొని బజ్జీలేసిండు. ఏస్కోండ్రి."

ఆ కోటుని ఆమె ఆటోక్లేవ్‌లో రెండుసార్లు ఉడికించింది. దాని మీద ఇప్పుడు ఒక్క క్రిమి కూడా బతికి లేదు. ఆ సంగతి విష్ణువర్ధన్‌కి తెలియదు. చెప్పాల్సిన అవసరం డోరాకి కనబడలేదు.

ఆయన చేతులు రెండూ వెనక్కి పోయాయి.

"దాని మీద ఏమున్నాయో ఏమో..." అని గొణిగాడు.

"ఏముంటయ్ సార్? ఉతికినం అన్నరు కద. నాసర్ బిడ్డ దీన్నే నోట్ల వెట్టుకున్నది. మీరు ఒంటి మీద ఏస్కునేటందుకు ఏం?"

కాంతమణి గారు కోటు జేబు మీది అక్షరాలు వంగి చదివారు. చదివి విష్ణువర్ధన్ మొహం చూశారు. వరసలో వెనకెక్కడో నిలబడ్డ రామభద్రరావు గారు పిల్లల్ని తప్పించుకుని ముందుకొచ్చి, డోరా పక్కన నిలబడ్డారు. ఈసారి కళ్లజోడు తీయలేదు.

డోరా ఒక అడుగు ముందుకి వేసింది. కోటు విష్ణువర్ధన్ చొక్కాకి జానెడు దూరంలో ఉంది.

"తొడుక్కోండ్రి సార్. ఆప్రాన్ ఆప్రానే కదా."

"ఇది ఆప్రాన్ కాదు!" విష్ణువర్ధన్ వెనక్కి తూలి గోడకి ఆనుకున్నాడు. గొంతు చీరుకుపోయింది. "ఇది ల్యాబ్ కోటు! వంటగదిలోకి ఎవరైనా ల్యాబ్ కోటు వేసుకొస్తారా!"

అంత గట్టిగా అరిచానని ఆయనకి తర్వాత తెలిసింది. జాన్ బీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. టేబుల్ మీది ఫైలు సంతకానికి నోచుకుంటుందో లేదో, రేపు తన స్టూలు ల్యాబ్‌లో ఉంటుందో వీధిలో ఉంటుందో డోరాకి తెలియదు. ఆ నిమిషంలో ఆ దిగులు కూడా లేదు. ఆమె కోటుని నెమ్మదిగా మడిచి, గుండెలకి ఆనించి పట్టుకుంది.

"జెర ఇంకొక్కసారి చెప్పుండ్రి సార్," అంది. "లాండ్రీ వాళ్లకు వినపడలే."